ఉపనిధి, తాళంచెవి, పట్వారీ దస్త్రం: తెలియని కాపరిని నమ్మడంలోని నైతికత

ఒకరి సొత్తును మరొకరు కాపాడేటప్పుడు ఆ సొత్తు ఏమిటో కాపరికి తెలిసి ఉండాలా, తెలియకుండా ఉండటమే మేలా అన్నది ధర్మశాస్త్రాల కాలం నుంచీ ఉన్న ప్రశ్న. పాస్‌వర్డ్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ వ్యాప్తిలోకి వచ్చాక ఈ ప్రశ్న కొత్త రూపం ధరించింది. ఒక మనిషికి చెందిన వందలాది సంకేతపదాలను ఒకే పెట్టెలో చేర్చి, ఆ పెట్టెను తన సర్వర్లలో భద్రపరిచే సంస్థ అతనికి ఇచ్చే మొదటి హామీ ఇది: మీ పెట్టెలో ఏముందో మాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా మాకు లేదు. ఈ లక్షణాన్ని 'జీరో నాలెడ్జ్' అని ప్రచారం చేస్తున్నారు. గణితశాస్త్రంలో 1980లలో ఆ పేరుతో రూపొందిన నిరూపణ పద్ధతి వేరు. వ్యాపారం ఆ మాటను అరువు తెచ్చుకుని తన అవసరానికి వాడుకుంది. పేరు సంగతి ఎలా ఉన్నా, తన అజ్ఞానాన్నే అర్హతగా చాటుకునే కాపరి మన నైతిక చింతనకు కొత్తవాడు. ఆ అజ్ఞానం సద్గుణమా, బాధ్యత నుంచి తప్పుకునే ఉపాయమా అన్నది ఈ వ్యాసంలో విచారణీయాంశం.

ఈ ప్రశ్నను షాద్‌నగర్ నుంచి చూడటానికి కారణాలున్నాయి. హైదరాబాదు సంస్థాన ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ కలంపేరు 'షాద్'. ఒక మారుపేరు ఊరిపేరుగా స్థిరపడిన పట్టణమిది. ఒకప్పటి పాలమూరు జిల్లాలోనిది, 2016 నుంచి రంగారెడ్డి జిల్లాలోనిది. జాతీయ దూరసంవేదన కేంద్రం వారి ఉపగ్రహ సమాచార స్వీకరణ కేంద్రం ఇక్కడే ఉంది. దగ్గరలోని ఎలికట్టలో మైక్రోసాఫ్ట్ సంస్థ డేటాకేంద్రం కోసం భూమి కొన్నది. జొన్న, పత్తి పండిన చెలకల్లో ఇప్పుడు ఎవరెవరివో పెట్టెలు కొలువుదీరుతున్నాయి. ఆ చెలకలు ఎవరివో తేల్చిన దస్త్రాలు మాత్రం తరాల తరబడి ఇంకో రకం కాపరి చేతిలో ఉండేవి. ఆ కాపరి పట్వారీ. తెలియని కాపరిని అర్థం చేసుకోవాలంటే అన్నీ తెలిసిన కాపరిని పక్కన నిలబెట్టి చూడటం ఉపకరిస్తుంది.

ముందు యంత్రాంగం. దీన్ని కొంత విడమరచక తప్పదు, ఎందుకంటే ఇక్కడి నైతిక సమస్యలన్నీ యంత్రాంగం అతుకుల దగ్గరే పుడుతున్నాయి. వాడుకరి గుర్తుంచుకునేది ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్‌ను మాత్రమే. అది నేరుగా తాళంచెవి కాదు. మనిషి గుర్తుంచుకోగల మాట ఎప్పుడూ ఊహకు అందేదే గనుక, దాన్ని ఒక గణితప్రక్రియలో వేలసార్లు, లక్షలసార్లు తిప్పి తాళంచెవిని పుట్టిస్తారు. పీబీకేడీఎఫ్ 2, ఆర్గాన్ 2 అనేవి ఇలాంటి ప్రక్రియలు. ఇన్నిసార్లు తిప్పడంలో ఆంతర్యం ఒక్కటే: యజమానికి ఒక్క క్షణం ఆలస్యమైతే, కోట్ల ఊహలను పరీక్షించే దొంగకు ఆ క్షణాలు కోట్లవుతాయి. ఇలా పుట్టిన తాళంచెవి కూడా పెట్టెను నేరుగా తెరవదు. పెట్టెకు యాదృచ్ఛికంగా తయారైన వేరే తాళంచెవి ఉంటుంది. మొదటిది ఆ రెండోదాన్ని దాచిన చిన్న డబ్బాకు తాళంచెవి. అందువల్ల వాడుకరి మాస్టర్ పాస్‌వర్డ్ మార్చుకున్నప్పుడు పెద్ద పెట్టెను తిరగరాయనక్కరలేదు, చిన్న డబ్బాకు కొత్త తాళం వేస్తే చాలు. ఈ పనులన్నీ వాడుకరి ఫోనులోనో కంప్యూటరులోనో జరుగుతాయి. సంస్థ సర్వరుకు చేరేది మూసిన పెట్టె, మూసిన డబ్బా.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. తెలుగులో తాళానికి 'చెవి' ఉంటుంది. తాళంచెవి, బీగంచెవి అనే మాటల వ్యుత్పత్తిని భాషావేత్తలకు వదిలేసినా, రహస్యాన్ని వినే అవయవం పేరే తెరిచే సాధనానికి అమరడం ఈ చర్చకు చక్కగా ఒదుగుతుంది. పాస్‌వర్డ్ మేనేజర్ సంస్థ చెప్పుకునేది సరిగ్గా ఇదే: తాళం మా దగ్గర ఉంది, చెవి మా దగ్గర లేదు.

భారతీయ వ్యవహారశాస్త్రం ఇలాంటి కాపరిని ఎరగనిది కాదు. పరుల దగ్గర దాచిన ధనాన్ని అది రెండుగా విభజించింది. లెక్కచెప్పి, రూపం చూపి, ఎదుటివానికి తెలిసేలా అప్పగించినది నిక్షేపం. ఒక పాత్రలోనో పెట్టెలోనో ఉంచి, లోపల ఏముందో చెప్పకుండా చేతికిచ్చినది ఉపనిధి. యాజ్ఞవల్క్యస్మృతి ఉపనిధికి విధించే ధర్మం ఒక్కటే: ఇచ్చినది ఇచ్చినట్లుగానే తిరిగి ఇవ్వాలి. రాజు వల్లనో, దైవికంగానో, దొంగల వల్లనో అది పోతే కాపరి చెల్లించనక్కరలేదు; యజమాని అడిగినప్పుడు ఇవ్వక, ఆ తరవాత పోగొడితే మాత్రం చెల్లించాలి, దండనా తప్పదు. తన సుఖానికి వాడుకున్నవాడు వడ్డీతో సహా ఇవ్వాలి. ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆశ్రయించి, 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగులో 'విజ్ఞానేశ్వరీయం' రచించాడు. తెలుగులో న్యాయశాస్త్ర పరిభాష తొలి రూపాలను వెతికేవారు ఆ గ్రంథం దగ్గర ఆగుతారు. ఉపనిధి భావన కూడా ఆ సంప్రదాయంలో భాగంగానే మనకు చేరింది.

ఉపనిధిలో కాపరి అజ్ఞానానికి విలువ ఎక్కడినుంచి వచ్చింది? లోపల ఏముందో తెలియనివానికి ఆశ పుట్టదని ఒక సమాధానం చెప్పవచ్చు. అది పైపై సమాధానం. పెట్టెను తెరవడం అతని చేతిలో పనే. ముద్ర మట్టిదో లక్కదో. గోటితో గీకితే ఊడిపోతుంది. తెరవగలిగీ తెరవకపోవడమే అతని ధర్మం. ఉపనిధిని స్వీకరించినవాని గొప్పతనం అతని అజ్ఞానంలో లేదు, తనకు అందుబాటులో ఉన్న జ్ఞానాన్ని తానే నిరాకరించడంలో ఉంది. పాస్‌వర్డ్ మేనేజర్ కాపరి సంగతి దీనికి భిన్నం. అతను తెరవలేడు. తెరవలేనివాడు తెరవకపోతే అందులో నిగ్రహం ఏముంది? చేతులు కట్టేసుకున్నవాణ్ణి దొంగతనం చేయలేదని మెచ్చుకోము.

అయితే తన చేతులను తానే కట్టుకున్నవాని మాట వేరు. రేపటి తన బలహీనతను ఇవాళే ఊహించి, ఆ అవకాశాన్ని ముందుగానే మూసివేసినవానిలో నిగ్రహం ఉంది. అది ఆ క్షణానిది కాదు, నిర్మాణానిది. పైగా సంస్థ ఒక మనిషి కాదు. ఇవాళ్టి యజమానులు రేపు దాన్ని అమ్మవచ్చు, ఉద్యోగులు మారతారు, ప్రభుత్వం ఆదేశం పంపుతుంది. మన సమాచార సాంకేతిక చట్టం 2000లోని 69వ సెక్షన్ కింద గుప్తసమాచారాన్ని విప్పి ఇమ్మని ప్రభుత్వం ఆదేశించవచ్చు. సహకరించనివారికి ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆ ఆదేశం చేతికి వచ్చినప్పుడు ఒక ఉద్యోగి వ్యక్తిగత నిగ్రహం ఎంతవరకు నిలుస్తుంది? నిర్మాణంలోని అసమర్థతే అక్కడ యజమానికి రక్ష. ఆ ఆదేశం న్యాయమైనదా కాదా అన్నది వేరే చర్చ. అందువల్ల ఈ అజ్ఞానాన్ని సద్గుణంగా అంగీకరించవచ్చునని నా అభిప్రాయం. కాని దానికొక షరతుంది: చేతులు నిజంగానే కట్టి ఉన్నాయా అన్నది యజమాని చూడగలగాలి. 1883లో కెర్క్‌హాఫ్స్ చెప్పిన సూత్రం ప్రకారం రహస్యమంతా తాళంచెవిలోనే ఉండాలి, తాళం తయారీలో ఉండకూడదు. తయారీ బహిరంగంగా ఉంటేనే పరీక్షకు నిలుస్తుంది. బిట్‌వార్డెన్ వంటి మేనేజర్ల మూలసంకేతం అందరికీ తెరిచి ఉంది. కొన్నిటిది లేదు. లేనిచోట 'మాకు తెలియదు' అన్న మాట కూడా మరొక మాట మాత్రమే, దాన్ని నమ్మడానికి మళ్ళీ పాతరకం నమ్మకమే కావాలి.

ఇప్పుడు పట్వారీ దగ్గరికి. నిజాం రాజ్యంలో పటేల్‌కు శాంతిభద్రతలు, మాలీ పటేల్‌కు శిస్తు వసూలు, పట్వారీకి లెక్కలు. ఇవి వతన్ హక్కుతో తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించేవి. పహాణీ రాసేది పట్వారీ, దాచేది పట్వారీ, చదివి చెప్పేదీ పట్వారీయే. సేత్వార్ వంటి మూలపత్రాలు ఉర్దూలో ఉండేవి. భూమి దున్నేవానికి తన భూమి గురించి రాసినది చదవడం రాదు. వచ్చినా చూపించేవారు లేరు. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు హక్కు కల్పించింది. ఆ హక్కుకు రుజువు రిజిస్టరులో పేరు. ఆ పేరు ఉందో లేదో, ఉంటే ఎన్ని ఎకరాలకు ఉందో, సర్వే నంబరు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి కౌలుదారు వెళ్లవలసింది మళ్ళీ పట్వారీ అరుగు మీదికే. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు ఇంటిపేరును ఇచ్చిన బూర్గుల గ్రామం షాద్‌నగర్ పక్కనే ఉంది. రాజధానిలో చట్టం చేసినవారికీ, ఆ చట్టఫలం అందవలసిన వారికీ మధ్య ఉన్న దూరం మైళ్లలో తక్కువే. ఆ దూరమంతా ఒక దస్త్రం మూటలో ఉండేది.

పట్వారీలందరూ మోసగాళ్లని చెప్పడం ఉద్దేశం కాదు. ఊరి బాగు కోరి నిజాయితీగా లెక్క రాసినవారూ ఉన్నారు. ప్రశ్న వ్యక్తుల స్వభావానిది కాదు, అమరికది. ఇక్కడ కాపరికి తెలుసు, యజమానికి తెలియదు. పాస్‌వర్డ్ మేనేజర్‌లో యజమానికి తెలుసు, కాపరికి తెలియదు. తలకిందులైన ఈ రెండు అమరికల్లో మొదటిది ద్రోహానికి దారి తీస్తుంది. 1984లో పటేల్-పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు పల్లెల్లో ఏర్పడిన ఊరటకు మూలం ఇదే. ఆ తరవాతి గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ 2020లో రద్దయింది, అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. దస్త్రం మూటలోంచి తెరమీదికి వచ్చింది. రైతు చేతికి పాస్‌బుక్కు, ఫోనుకు ఓటీపీ వచ్చాయి. తాళంచెవి యజమాని చేతికి వచ్చిందనే చెప్పాలి. కాని మండల కేంద్రంలోని ఇంటర్నెట్ సెంటర్‌లో ఏం జరుగుతున్నదో చూస్తే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. చదువు అంతంతమాత్రమైన మనిషి తన ఫోనును కౌంటరు మీదుగా లోపలికి అందిస్తాడు. సెంటరు కుర్రవాడే ఓటీపీ చూస్తాడు, అతనే పాస్‌వర్డ్ పెడతాడు, మరచిపోకుండా ఒక నోటుపుస్తకంలో ఫోను నంబరు పక్కన రాసుకుంటాడు. ఊరందరి తాళంచెవులూ ఆ పుస్తకంలోనే. సాంకేతిక పరిభాషలో చెప్పాలంటే అది కూడా ఒక పాస్‌వర్డ్ మేనేజరే, గుప్తీకరణ లేనిది. పట్వారీ వేరే రూపంలో తిరిగి వచ్చాడని అనను. ఆ కుర్రవానికి వతన్ లేదు, అధికారం లేదు, చాలాసార్లు దయాగుణం ఉంటుంది. అయినా అమరిక పాతదే.

రెండో అమరికలో, అంటే కాపరికి తెలియని చోట, ప్రమాదాలు వేరు. వాటిలో ఒకదాన్ని 2022లో లాస్ట్‌పాస్ సంస్థ ఉదంతం బయటపెట్టింది. ఆ ఏడాది ఆగస్టులో ఆ సంస్థ మూలసంకేతంలో కొంత, సాంకేతిక వివరాలు చోరీ అయ్యాయి. వాటి ఆధారంతో దుండగులు ఒక సీనియర్ ఇంజనీరును లక్ష్యంగా చేసుకున్నారు. నిల్వల తాళంచెవులు అందుబాటులో ఉన్నది సంస్థ మొత్తంలో నలుగురు ఇంజనీర్లకే. వారిలో ఆయన ఒకరు. ఆయన ఇంటి కంప్యూటర్లోని ఒక మీడియా సాఫ్ట్‌వేర్ లోపం ద్వారా చొరబడి, మీటలు నొక్కుతుండగా మాస్టర్ పాస్‌వర్డ్ పట్టుకున్నారు. కోట్లాది తాళాలను కాపాడే సంస్థ తాళంచెవులు చివరికి ఒక ఇంటి గదిలో ఒక మనిషి వేళ్ల కొసల మీద ఉన్నాయన్నమాట. డిసెంబరు 22న సంస్థ ప్రకటించిన దాని ప్రకారం వాడుకరుల పెట్టెల నకళ్లు దొంగల చేతికి వెళ్లాయి. పెట్టెలు మూసే ఉన్నాయి. కాని వాటిలోని వెబ్‌సైట్ల చిరునామాలు గుప్తీకరించి లేవు. లోపలి నగలు కనిపించకపోయినా ఏ పెట్టెలో ఏ బ్యాంకు ఉందో, ఏ ఆస్పత్రి ఉందో మూతమీద రాసి ఉన్నట్లే. సంస్థ 2018 నుంచి కొత్త ఖాతాలకు 1,00,100 సార్లు తిప్పే నియమం పెట్టుకున్నా, కొన్ని పాత ఖాతాలు 5,000 దగ్గరే ఉండిపోయాయి. 2023 నాటికి నిపుణుల సిఫార్సు 6 లక్షలు.

స్మృతి న్యాయం ప్రకారం దొంగలు ఎత్తుకుపోయిన ఉపనిధికి కాపరి బాధ్యుడు కాడు. ఈ ఉదంతంలో ఆ న్యాయాన్ని అన్వయించబోతే అది రెండుచోట్ల తెగిపోతుంది. మొదటిది: ఇక్కడ పెట్టె పోలేదు. దొంగ తీసుకున్నది నకలు. యజమాని అడిగితే సంస్థ ఇచ్చినది ఇచ్చినట్లుగా తిరిగి ఇవ్వగలదు, ముద్ర చెదరకుండా. ఉపనిధి ధర్మాన్ని అక్షరాలా పాటించినట్లే లెక్క. అయినా యజమాని సర్వస్వమూ అపాయంలో పడింది. ఇంతవరకు కాపుదల అన్న మాటకు అర్థం వస్తువును నిలబెట్టడం. వస్తువు నిలిచి ఉండగానే పోగలదన్న ఎరుక ప్రాచీన న్యాయానికి లేదు, ఉండే అవసరమూ లేదు. రెండోది కాలానికి సంబంధించినది. యజమాని ఆ మర్నాడే మాస్టర్ పాస్‌వర్డ్ మార్చుకున్నా, దొంగ దగ్గరి నకలు పాత తాళంచెవికే తెరుచుకుంటుంది. దొంగకు తొందర లేదు. అయిదేళ్ల తరవాత యంత్రాలు వేగం పుంజుకున్నాక తెరవవచ్చు. పెట్టెలోని ప్రతి పాస్‌వర్డ్‌నూ ఒక్కొక్క చోటికీ వెళ్లి మార్చుకోవడమే యజమానికి మిగిలిన దారి. కాబట్టి కాపరి బాధ్యత పెట్టె అప్పగించిన నాటితో పూర్తయ్యేది కాదు. పాత ఖాతాల్లో తిప్పే సంఖ్యను పెంచకుండా వదిలేయడం ఇందుకే నైతిక దోషం అవుతుంది. లోపల ఏముందో తెలియకపోవచ్చు, తాళం ఎంత బలహీనమో కాపరికి తెలుసు. తెలియనితనం పెట్టె లోపలికే వర్తిస్తుంది. పెట్టెకు, గదికి, గోడకు వర్తించదు.

ఈ వివేచనకు మన దేశంలో న్యాయస్థానం మద్దతు దొరికింది. అమితాభ దాస్‌గుప్తా కేసులో 2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు బ్యాంకు లాకర్ల గురించినది. ఖాతాదారు లాకరును ముందస్తు నోటీసు లేకుండా పగలగొట్టిన బ్యాంకు, లోపల ఏమున్నదో తమకు తెలియదు గనుక లెక్క తేల్చడం తమవల్ల కాదన్న ధోరణిలో వాదించింది. లోపలి వస్తువుల వివాదాన్ని కోర్టు సివిల్ విచారణకు వదిలింది. లాకరు కాపుదలలో చూపవలసిన జాగ్రత్త మాత్రం వేరే బాధ్యత అని, దానినుంచి బ్యాంకులు చేతులు కడుక్కోలేవని చెప్పి 5 లక్షల రూపాయల పరిహారం విధించింది. రెండు తాళంచెవుల లాకర్లు పోయి ఎలక్ట్రానిక్ లాకర్లు వస్తున్నాయనీ, వాటి మర్మం తెలియని ఖాతాదారు మరింతగా బ్యాంకు దయమీద ఆధారపడతాడనీ కూడా గుర్తించింది. ఆ తరవాత రిజర్వు బ్యాంకు చేసిన నియమాల్లో బ్యాంకు నిర్లక్ష్యం వల్ల లాకరుకు నష్టం జరిగితే చెల్లింపు ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకు ఉంటుంది. లోపల ఏముందో తెలియనప్పుడు విలువ కట్టేదెలా అన్న చిక్కుకు అద్దె ఆధారంగా దొరికిన విరుగుడు అది. సంపూర్ణ న్యాయమని అనలేము, కాని అజ్ఞానం నుంచి శూన్యబాధ్యత పుట్టదని ఒప్పుకున్న నియమం. పాస్‌వర్డ్ పెట్టెల విషయంలో ఇంతటి స్పష్టత ఇంకా రావలసి ఉంది.

మిగిలిన ప్రమాదం మరింత సున్నితమైనది. ద్రోహం లేదు, దొంగ లేడు. యజమాని మరచిపోయాడు, లేదా పోయాడు. కాపరి నిజాయితీపరుడైతే చెప్పగలిగేది ఒక్కటే, మావల్ల కాదని. పట్వారీ వ్యవస్థలో బలహీనుడు కాపరి దయవల్ల నష్టపోయాడు. ఇక్కడ తన జ్ఞాపకశక్తివల్లనే నష్టపోతాడు. స్వాతంత్ర్యమంటే ఇదేనని కొందరు వాదిస్తారు. నాకది ఒప్పదు. జ్ఞాపకం అందరికీ సమానంగా దక్కిన ఆస్తి కాదు. ముసలితనం, జబ్బు, చదువులేమి దాన్ని ఎవరి దగ్గర ఎంత ఉంచుతాయో చెప్పలేము. మరచిపోయినవాడు సర్వం పోగొట్టుకోవాలన్న నియమం కాపరికి ధర్మరక్షణ, యజమానికి దండన.

సంప్రదాయ సమాజం ఒక్కరి జ్ఞాపకం మీద ఎన్నడూ ఇంత భారం మోపలేదు. గుడి హుండీని ఒక్కరు తెరవరు. కార్యనిర్వహణాధికారి, దేవాదాయ శాఖ ప్రతినిధి, ఊరి పెద్దలు కూడితేనే ముద్ర విప్పుతారు. ఖజానాలో డబుల్ లాక్ ఉంది. 1979లో ఆదీ షామీర్ ప్రతిపాదించిన రహస్య విభజన పద్ధతి ఈ ఊహనే గణితంలోకి తెచ్చింది. ఒక తాళంచెవిని అయిదు ముక్కలుగా చేసి అయిదుగురికి ఇస్తే, ఏ ముగ్గురు కలిసినా అది తయారవుతుంది, ఇద్దరికి మాత్రం అణువంతైనా తెలియదు. ఒకరు ద్రోహం చేసినా పెట్టె తెరుచుకోదు, ఇద్దరు పోయినా మూసుకుపోదు. కొన్ని మేనేజర్లలో దీనికి దగ్గరైన ఏర్పాటు ఉంది: నమ్మిన మనిషిని ముందుగా పేర్కొంటే, అతను అడిగినప్పుడు యజమానికి కొన్ని రోజుల గడువిచ్చి, యజమాని కాదనకపోతే పెట్టె అతనికి తెరుచుకుంటుంది. ఆ మౌనాన్ని సమ్మతిగా తీసుకోవడంలో ఇబ్బంది లేకపోలేదు. జైల్లో ఉన్నవాడూ, కోమాలో ఉన్నవాడూ, తగవుపడి పుట్టింట ఉన్న భార్య తన ఫోను తీసి చూడకపోయినా ఒకే రకంగా మౌనంగా ఉంటారు. ఉమ్మడి కుటుంబంలో ఇంటి తాళంచెవుల గుత్తి ఎవరి కొంగున ఉండాలన్న తగాదా మనకు తెలియనిది కాదు; నమ్మిన మనిషి ఎవరన్న ప్రశ్నను ఏ గణితమూ తేల్చదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 14వ సెక్షన్‌లో నామినేషన్ హక్కు ఉంది. మరణించినా, అశక్తుడైనా తన సమాచార హక్కులను తన తరఫున వినియోగించుకునే వ్యక్తిని యజమాని పేర్కొనవచ్చు. షాద్‌నగర్ నుంచి హైదరాబాదుకు రోజూ వెళ్లివచ్చే ఒక ఉద్యోగి అలా తన భార్య పేరు రాశాడనుకుందాం. ఆయన పోయాక ఆమె ఆ కాగితం చూపితే సంస్థ ఆమె హక్కును ఒప్పుకుంటుంది. ఇవ్వడానికి మాత్రం దాని దగ్గర మూసిన పెట్టె తప్ప ఏమీ లేదు. చట్టం ఆమెను యజమానిని చేసింది, తాళంచెవి ఆయనతోనే పోయింది. బ్యాంకు లాకరైతే మేనేజరు సాక్షుల ఎదుట పగలగొట్టించి పంచనామా రాస్తాడు. ఈ పెట్టెను పగలగొట్టగల సుత్తి లేదు. ఉండకూడదనే కదా దాన్ని అలా కట్టారు. కనుక నామినేషన్ కాగితం మీద పేరు రాసే రోజే తాళంచెవిలో ఒక ముక్క ఆ పేరుగలవారి చేతిలో పడాలి. ఆ ఏర్పాటు లేకుండా ఖాతా తెరవనివ్వని సంస్థను నేనైతే ఎక్కువ నమ్ముతాను, అది ఎంత ఇబ్బందిగా తోచినా.